చలిసీమ యిండ్లు: వెచ్చదనము, వ్యయము

మన ప్రాంతమున ఇల్లు కట్టువాడు ఎండను తలచుకొని కట్టును. చూరు దింపుట, వసారా తీయుట, గోడలకు సున్నము వేయుట, ఇవన్నియు వేసవిని మనస్సునం దుంచుకొని మన పెద్దలు చేసిన యేర్పాటులు. ధనుర్మాసపు చలి నాలుగు వారముల ముచ్చట. దానికి ఒక కంబళియు, తెల్లవాఱుజామున వాకిట నొక నెగడియు చాలును. కాబట్టి ఇంటిని వెచ్చచేసికొనుటకగు ఖర్చును గూర్చి మనకు ప్రసంగమేల యని కొందఱు పెద్దలకు తోపవచ్చును.

కారణములు రెండు గలవు. మన పల్లెల బిడ్డలు పెక్కుమంది నేడు కెనడా, ఇంగ్లండు, జర్మనీ, అమెరికా ఉత్తరభాగములలో కాపురములు చేయుచున్నారు. శీతకాలపు నెలలలో అచ్చట వచ్చు వేడిమి బిల్లును గూర్చి వారు ఇంటికి చెప్పుచునే యుందురు. ఇది యొకటి. రెండవది మన దేశములోనిదే. హిమాలయముల కావల లడఖ్ సీమలో రైతు చలికాలమున పిడకలు కాల్చి ప్రాణము నిలుపుకొనును. కాల్చిన ప్రతి పిడకయు పొలమునకు అందని యెరువే. ఇల్లు సరిగా కట్టనిచో వాని చేను చెడును. ఈ లెక్క మన రైతులకు వివరింప నక్కఱలేదు.

ముందుగా వెచ్చదన మన నేమో విచారింతము. తీరికగా కూర్చున్న మనుష్యుని శరీరము ఇంచుమించు నూఱు వాట్ల విద్యుద్దీపమంత వేడిమిని ఎడతెగక వెలుపలికి పంపుచుండును. మనము తిను అన్నమే దీనికి కట్టె. కాబట్టి కంబళి మనకు వేడి నిచ్చుట లేదు, మన వేడిని మనవద్ద నిలుపుచున్నది. ఇల్లు కూడ నట్టిదే. అది గోడలు గల పెద్ద కంబళి. శరీరము తన వేడిని గాలికి మాత్రమే యీయదు. ఎదుట చల్లని గోడ యున్నచో, నడుమ గాలి యెంత వెచ్చగా నున్నను, శరీరపు వేడి కిరణముల రూపమున ఆ గోడకు పోవుచునే యుండును. మనకు తోచు వెచ్చదనము గాలి వేడిమికిని, చుట్టునున్న గోడల వేడిమికిని ఇంచుమించు సగటు. గాలి 20 డిగ్రీలును, గోడలు 10 డిగ్రీలును ఉన్న గదిలో మనిషికి 15 డిగ్రీల గదిలో నున్నట్లే యుండును. వాడు పొయ్యిలో మఱి నాలుగు కట్టెలు వేయును. గాలి మాత్రము వేడెక్కును, వీపు చలి తీఱదు. అదే గోడలు 18 డిగ్రీలున్నచో గాలి కొంచెము తక్కువ వెచ్చగా నున్నను హాయిగనే యుండును. సుఖమునకును ఖర్చునకును ఎప్పుడును వైరమే యని తలచుట సరికాదు. మంచి గోడ రెంటిని కలుపును.

పూర్వము యూరపుఖండమున ఈ సంగతి తెలియక గోడలోనే పెద్ద పొయ్యి కట్టి దుంగలు తగులబెట్టెడివారు. అందలి వేడిలో మిక్కుటమైన భాగము పొగగొట్టమున మింటి కెగసిపోవును. అంతియ కాదు, మంట లాగికొను గాలికి బదులుగా తలుపు సందులనుండి చల్లనిగాలి లోనికి చొరబడును. ముఖము మాడుచుండగా వీపు వణకుట అప్పటివారికి వాడుకయే. స్వీడను దేశమున అడవులు తఱిగిపోవుచున్నవను భయము పుట్టి, కట్టె పొదుపు చేయు పొయ్యిని కల్పింపుమని ప్రభుత్వము వారు నియమింపగా, 1767లో క్రోన్‌స్టెట్, వ్రేదె అనువారు పెంకుల పొయ్యి యొకటి సిద్ధపఱచిరి. అందు పొగ తిన్నగా పైకి పోదు. ఇటుక దారులలో పైకిని క్రిందికిని తిరిగి, తన వేడి నంతయు ఇటుకలకు అప్పగించి, చల్లబడి వెలుపలికి పోవును. ఉదయ మొకసారి, సాయంకాల మొకసారి కొన్ని కట్టెలు గట్టిగా మండించి విడిచినచో ఆ దిమ్మె రాత్రియంతయు వెచ్చగా నుండును. ఇంగ్లండులో రంఫర్డు ప్రభువు 1796లో పొయ్యి గొంతును ఇఱుకు చేసి, లోతు తగ్గించి, ప్రక్కగోడలను ఏటవాలుగా నిలిపి, మంటకాంతి గదిలోనికి మళ్లునట్లు చేసెను. ఇవి గొప్ప పనులే. అయినను పొయ్యి నెంత దిద్దినను ఇల్లు చిల్లికుండ యైనప్పుడు ప్రయోజనము కొంతయే. ఆ చిల్లుల లెక్క నిప్పుడు చూతము.

ఒక గది వెలిగోడ ఇరువది చదరపు మీటర్లున్న దనుకొందము. అది తొమ్మిదంగుళముల యిటుకగోడ. లోపల 20 డిగ్రీలు, వెలుపల సున్న, అనగా నీరు గడ్డకట్టు చలి. ఆ గోడ గుండ ఎనిమిదివందల వాట్ల వేడి ఎల్లప్పుడును పోవుచుండును. ఒక రాత్రియు నొక పగలును గడచునప్పటికి విద్యుత్తు లెక్కలో పందొమ్మిది యూనిట్లు నష్టము. ఇప్పుడు గోడకు నాలుగంగుళముల మందమున గొఱ్ఱెబొచ్చు గాని, పొడి రంపపుపొట్టు గాని, అట్టి తేలికైన పదార్థము మఱియొకటి గాని తొడిగితి మనుకొందము. నష్టము మూడు యూనిట్లకు దిగును. పదునాఱు యూనిట్లు మిగిలినవి! ఎండిన పిడక ఒక కిలోగ్రాము మండిన నాలుగు యూనిట్లకు కొంచెము తక్కువ వేడి పుట్టును. అందు సగము పొగగొట్టమున పోయినను, ఈ ఒక్క గోడపై దినమునకు ఎనిమిది కిలోగ్రాములకు మించిన పిడకలు మిగిలినట్లు. ఇక ఆశపడి ఇంకొక నాలుగంగుళములు తొడిగినచో నేమగును? మూడు యూనిట్ల నష్టము ఒకటిన్నర, ఒకటిముప్పాతికకు వచ్చును. ఖర్చు మొదటిదానితో సమానము, లాభము దానిలో పదియవవంతు. మొదటి గంపెడు పొట్టే బంగారము. రెండవ గంప యిత్తడి. మూడవది వేయబోవువాడు నిలిచి ఆలోచింపవలయును.

ఇల్లు కట్టువారు రెండు ఖర్చులను పోల్చి చూడవలసియుండును. ఒకటి ఒక్కసారియే పెట్టునది, రెండవది యేటేట పెట్టునది. గోడ కొక్కసారి పెట్టిన సొమ్ము, ఏటేట మిగులు కట్టెలలో ఎన్ని యేండ్లకు తిరిగివచ్చునో చూచుకొని, ఇంటి ఆయుర్దాయముతో పోల్చి నిర్ణయింపవలయును. కప్పునకు ముందు, గోడకు పిమ్మట, నేలకు కడపట సొమ్ము పెట్టుట సాధారణముగా లాభకరము. ఏలయనగా వెచ్చనిగాలి పైకి చేరును. కప్పు రాత్రులందు నిర్మలాకాశమునకు తన వేడిని ధారపోయును. సందులు మూయుటకో, పెద్ద ఖర్చే లేదు.

ఇచ్చట ఒక భ్రమను తొలగింపవలసియున్నది. మట్టిగోడ వెచ్చన, రాతిగోడ వెచ్చన యని మనవారు వాడుకగా అందురు. పదార్థములకు రెండు వేర్వేఱు గుణములు గలవు. ఒకటి వేడిని ఆపుట, రెండవది వేడిని దాచుట. వరిగడ్డి ఆపును, ఏలయనగా దాని గొట్టములలోను, సందులలోను కదలని గాలి యున్నది. కదలని గాలికి మించిన కంబళి సులభముగా దొరకదు. మన పూరిల్లు వేసవిలో చల్లగాను, చలిలో వెచ్చగాను ఉండుటకు కారణ మిదియే. మట్టియు, రాయియు అంతగా ఆపవు, దాచును. పగలెల్ల వేడిని త్రాగి రాత్రి మెల్లమెల్లగా వెడలగ్రక్కును. కావున చలిసీమలో గడ్డి పని గడ్డికిని, మట్టి పని మట్టికిని అప్పగింపవలయును. మట్టిగోడ లోపలివైపునను, గడ్డితొడుగు దాని వెలుపలను ఉండవలయును. తాఱుమాఱు చేసినచో మట్టి దాచినదంతయు వెలుపలి గాలికి దానము.

ఇక లడఖ్ సంగతి. లేహ్ పట్టణము సముద్రమట్టమునకు సుమారు 3,500 మీటర్ల యెత్తున నున్నది. జనవరి రాత్రులందు చలి సున్నకు దిగువ 20 డిగ్రీల వఱకును దిగును. వాన మిక్కిలి తక్కువ, చెట్లు తక్కువ. వాగుల ప్రక్కన నాటిన పాప్లరు, విల్లో చెట్లే కలప. కట్టె కాల్చుట ఆ సీమవారికి దుబారా. కిరసనాయిలు, గ్యాసు కనుమలు దాటి రావలయును. ఆ కనుమలు శీతకాలమున మంచుచే మూతపడుచుండును. కాబట్టి పిడకలే దిక్కు. అయినను దైవము వారికొక భాగ్యము నిచ్చినది. ఏడాదిలో మూడువందల దినములకు పైగా అచ్చట ఆకాశము నిర్మలముగా నుండును. చలి యెముకలు కొఱుకుచుండగనే ఎండ చుఱుక్కుమనును.

అచ్చటి పాతయిండ్ల పద్ధతి మెచ్చదగినది. పచ్చియిటుకల గోడలు మందముగా కట్టుదురు. క్రిందియంతస్తున గొడ్లను గొఱ్ఱెలను కట్టివేయగా, వాని యొంటివేడి పైకి వచ్చును. పైన వంటిల్లే ముఖ్యమైన గది. శీతకాలమున కుటుంబమంతయు ఆ పొయ్యిచుట్టునే తినును, వడకును, నిద్రించును. తక్కిన గదులను చలికి వదలివేయుదురు. ఇల్లంతయు వెచ్చచేయక మనుష్యు లున్నచోటనే వెచ్చచేయుట పొదుపులో మొదటి మెట్టు. కాశ్మీరమువారు ఇంకొక మెట్టు దిగి, కాంగ్డీ యను నిప్పుల బుట్టను అంగీలోపలనే పెట్టుకొని తిరుగుదురు. ఖర్చు గుప్పెడు బొగ్గులు. అయితే చర్మము కాలుట, బట్ట అంటుకొనుట దాని వెంబడి వచ్చు కష్టములు. లడఖ్ వంటింటిలోను పొగవలన ఆడువారి కన్నులకును, ఊపిరితిత్తులకును కలుగు హాని తక్కువది కాదు. పాతది యంతయు మంచిదని పొగడుట పొగ పీల్చనివారికి సులభము.

ఆ సీమలో 1988లో విద్యార్థులు నెలకొల్పిన సెక్‌మోల్ అను సంస్థ, ఫే గ్రామము దగ్గఱ తన పాఠశాలను మట్టితోనే కట్టినది. పలకల నడుమ మట్టిపోసి దిమ్మెసతో కుమ్మిన గోడ లవి. భవనముల ముఖములు దక్షిణమునకు. లేహ్ పట్టణపు అక్షాంశము సుమారు 34 డిగ్రీలు. అందుచే శీతకాలపు మధ్యాహ్న సూర్యుడు దిఙ్మండలమునకు ముప్పదిరెండు ముప్పదిమూడు డిగ్రీల యెత్తుననే నిలిచి, దక్షిణపు కిటికీలోనుండి గదిలోపలివఱకు తొంగిచూచును. వేసవిలో నడినెత్తికి దాపుగా నుండును గనుక చిన్న చూరు నీడయే వానిని ఆపును. శీతకాలమున ఈ భవనముల దక్షిణపు వైపున పారదర్శకమైన ప్లాస్టికు గుడ్డ దింపి, వసారావలె మూసి, ఎండవేడిని పట్టి లోనికి పంపుదురు. వేసవిలో చుట్టి పైన పెట్టుదురు. వెలుపల నీరు ఱాయి యైనప్పుడును పిల్లలు లోపల పొయ్యి లేకయే చదువుకొందురు. షే గ్రామమున నున్న డ్రుక్ పద్మ పాఠశాలలో ట్రోంబు గోడలు వాడిరి. ఈ గోడ ఫ్రాన్సు దేశమున ఒదెయ్యో గ్రామమునందు ఫెలిక్స్ ట్రోంబు, జాక్ మిషెల్ అనువారు 1967లో కట్టిన యింటినుండి పేరుపొందినది. అమెరికాలో మోర్సు అనువాడు 1881లోనే యిట్టిదానికి హక్కుపత్రము పొందియుండెను. గోడ వెలుపలి ముఖమునకు నల్లరంగు పూసి, దాని ముందు కొన్ని అంగుళముల యెడముతో అద్దము బిగింతురు. పగటి యెండ ఆ నల్లగోడను కాల్చును. అడుగు మందపు గోడలో ఆ వేడి ఆవలికి చేరుటకు ఎనిమిది పది గంటలు పట్టును. మధ్యాహ్నపు టెండ పండుకొను వేళకు లోపలికి వచ్చుచున్న దన్నమాట.

అద్దమును గూర్చి కొంత తూచి చెప్పవలయును. కిటికీ రెండు వైపుల వ్యాపారము చేయునది. లేహ్‌లో నిర్మలమైన శీతదినమున దక్షిణపు గోడమీద చదరపు మీటరునకు సుమారు ఐదు యూనిట్ల యెండ పడును. ఒంటియద్దము అందులో నాలుగు యూనిట్లకు మించి లోనికి విడిచినను, రాత్రింబవళ్లు కలిసి మూడుకు పైగా పోగొట్టును. మిగులునది ఒకటికి లోపే. రెండద్దములు నడుమ గాలి నుంచి జోడించినచో లోనికి వచ్చునది కొంచెము తగ్గినను, పోవునది సగమగును. మిగులునది రెండు యూనిట్లు. రాత్రి దళసరి తెర దింపినచో ఇంకను మేలు. ఉత్తరపు కిటికీకి ఆదాయమే లేదు, అన్నియు ఖర్చులే. అందుచే ఉత్తరమున చిన్న కిటికీ చాలును, కొట్టుగదులు ఆ వైపునకు పెట్టవలయును. ఇట్టి యేర్పాటునకు ఇల్లు కట్టక ముందైనచో రూపాయి ఖర్చులేదు, కట్టిన తరువాతనైనచో లక్షలు పోసినను కుదురదు. లేహ్‌లో ఇటీవల సిమెంటు దిమ్మెల యిండ్లు పెరుగుచున్నవి. గోడ పలుచన, పని తొందర, పట్టణపు వన్నె. చలి మాత్రము పాత యింటికంటె నెక్కువ.

1973లో అరబ్బు దేశములు చమురు నిలిపివేసి, కొలది నెలలలో దాని వెల ఇంచుమించు నాలుగింతలైనప్పుడు, ధనికదేశములవారును పిడకల లెక్కకు దిగవలసివచ్చెను. కెనడాలోని రెజైనా పట్టణమున 1977లో ప్రయోగముగా నొక యిల్లు కట్టిరి. గోడలలో అడుగు మందమున, కప్పున అంతకంటె మిక్కుటముగా ఆచ్ఛాదనము నింపి, సందులన్నియు బిగించిరి. దానిపై పెట్టిన సూర్యతాప యంత్రములు ఖరీదైనవై, మరమ్మతులు పెరిగి, తరువాత తీసివేయబడినవి. గోడలోని పొట్టునకు మరమ్మతే లేదు. జర్మనీలో దార్మ్‌స్టాట్ నగరమున 1991లో నాలుగు కుటుంబములు ప్రవేశించిన యిండ్లు ఈ మార్గముననే కట్టినవి. ఫైస్టు, ఆడమ్సన్ అను పండితులు రూపొందించిన యీ పద్ధతి ప్రకారము చదరపు మీటరునకు ఏడాదికి 15 యూనిట్లకు మించి వేడి ఖర్చు కారాదు. ఆ దేశపు పాతయిండ్లలో పెక్కింటికి దీనికి పదిరెట్లు కావలయును. రెండవ గంప యిత్తడి యంటిని గదా, వీరేల అంత మందము తొడిగిరి? గోడ మంచిదగుకొలది పొయ్యి చిన్నదగును. ఒకచోట పొయ్యి, గొట్టములు, వాని కొట్టుగది అన్నియు అనవసరమై పోవును. ఇరువది చదరపు మీటర్ల గదికి కఠినమైన చలిలోను రెండువందల వాట్లు చాలును, అనగా ఇద్దఱు మనుష్యులు కూర్చున్నంత. ఆ పొయ్యిమీద మిగిలిన సొమ్ము గోడ ఖర్చును కొంత పూడ్చును. అయినను ఈ లెక్క గడ్డుచలి దేశములకే పూర్తిగా తగును. స్వల్పచలిగల చోట ఇట్టి యిల్లు కట్టుట దోమకు ఫిరంగి పెట్టుట.

సందులు మూయుట మంచిదంటిని. దీనికొక హద్దు గలదు, అది ప్రాణముతో ముడిపడినది. మంట ఉన్న గదిని బిగించి మూయరాదు. బొగ్గు అరకొరగా మండునప్పుడు కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పియు మగతయు కలిగించి నిద్రలోనే ప్రాణము తీయును. కొరియాలో నేలక్రింద పొగదారులు పఱచి గదిని వెచ్చచేయుట ప్రాచీనమైన ఆచారము. కట్టె పోయి బొగ్గుకణికలు వచ్చిన తరువాత, 1960, 1970 దశాబ్దులలో నేల నెఱ్ఱెలనుండి ఈ వాయువు లోనికి వచ్చి అనేక కుటుంబములు పాడైనవి. మన పల్లెలలోను బాలెంత గదిలో కుంపటి పెట్టి తలుపులు బిగించుట కలదు. పొగ లేనంత మాత్రమున భయము లేదనుకొనరాదు. ఎఱ్ఱగా కణకణలాడు బొగ్గులే యీ విషమును ఎక్కువగా పుట్టించును. కుంపటిని వెలుపల రాజవేసి తెచ్చినను చాలదు. పైన వాయువు పోవు దారి తెఱచియుంచి, నిద్రపోవుటకు ముందు కుంపటిని గది దాటింపవలయును. పైనచెప్పిన జర్మనీ యిండ్లలో గాలి మార్చుటకు యంత్ర ముండును. పోవుచున్న వెచ్చనిగాలియు, వచ్చుచున్న చల్లనిగాలియు పలుచని రేకులకు చెరొక ప్రక్కన నడచి, కలియకయే వేడిని మాత్రము మార్చుకొనును.

విదేశములలో అద్దెయింట నున్న మనబిడ్డలు గోడలు మార్చలేరు. గోడకు సొమ్ము పెట్టవలసినవాడు యజమాని, బిల్లు కట్టువాడు అద్దెదారు. కాబట్టి ఈ చిక్కు ఎవరికిని తొందరగా తీఱదు. వారు చేయదగినవి కొన్ని గలవు. తలుపు క్రిందిసందును గుడ్డచుట్టతో మూయుట, చీకటిపడగనే తెరలు దింపుట, వేడిగొట్టముల ముందు సోఫా అడ్డము పెట్టకుండుట వానిలో కొన్ని. వాడని గదిని పూర్తిగా చల్లార్చుట మాత్రము తగదు. నలుగురున్న యింట ఊపిరి, స్నానము, ఉతికిన బట్టలు, వంట కలిసి దినమునకు పది లీటర్ల వఱకు నీటిని ఆవిరిగా గాలిలో కలుపును. అన్నము వార్చి, పులుసు కాచి, ఇడ్డెనలు పెట్టు మన యిండ్లలో ఈ ఆవిరికి కొదవ యుండదు. ఆ తేమ వెదకికొని పోయి అన్నిటికంటె చల్లనిగోడమీద చెమర్చును, అచ్చట నల్లని బూజు పట్టును, పసిపిల్లలకు ఉబ్బసము వచ్చును. వంట ముగిసిన పిమ్మట రెండు కిటికీలు ఐదు నిమిషములు బార్లా తీసి మూసినచో తేమగాలి పోవును. గోడలు చల్లబడునంత వేళ కాదు గనుక వేడినష్టము స్వల్పము. రోజంతయు కిటికీ ఓరగా తీసియుంచుట దీనికంటె ఖరీదైన పని. బట్టల బీరువాను వెలిగోడకు ఆనించి పెట్టక, నాలుగు వ్రేళ్ల యెడము విడిచి, లోపలి గోడ దొరకినచో అచ్చటనే నిలుపవలయును.